నీ కాలి కోసం ఆగిన పల్లవి

అన్నా,

నువ్వు పోయి ఈ ఆదివారానికి ఏడాది. మన ఎమ్మిగనూరు చర్చిలో ఈ రోజు నీ గిటార్ నేనే వాయించాను.

నువ్వు కొంటానని అంటూనే ఉండిపోయిన కాలితో నొక్కే ఆ చిన్న మిడి ఫుట్ కంట్రోలర్ పెట్టె నేను తెప్పించాను. దాన్ని గిటార్ శబ్దం మార్చే నీ మూడు పెడల్స్‌కీ కలిపి, తెలివితక్కువగా అన్నిటికీ ఒకే ఛానెల్ నంబర్ ఇచ్చాను. ఒకదాన్ని మారుద్దామంటే మూడూ మారిపోయాయి. నువ్వుంటే నెత్తిమీద ఒకటి మొట్టేవాడివి. తర్వాత దేని ఛానెల్ దానికి ఇచ్చి, చరణానికి ఒక బటన్, పల్లవికి ఒక బటన్ పెట్టుకున్నాను. ఒక్కసారి నొక్కితే చాలు, ఎకో ఆగిపోయి గిటార్ గట్టిగా మోగుతుంది.

నువ్వైతే చరణం అవగానే చెప్పులు లేని కాలితో, బొటనవేలితో ఒక్కో పెడల్ నొక్కుకుంటూ పోయేవాడివి. నీ పని అయ్యేదాకా అందరూ పాట ఆపి చూసేవాళ్లు.

ఈ రోజు చరణం అయింది. నేను బటన్ నొక్కి సూటిగా పల్లవిలోకి వెళ్లిపోయాను. నాతో ఒక్క గొంతూ రాలేదు. చర్చి అంతా ఆగి ఉంది.

ప్రార్థన అయ్యాక ముందు వరసలో కూర్చునే మార్తమ్మ పెద్దమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"ఏమ్మీ, యాలట్ల ఉరికినావు? మీ అన్న ఆడ కాల్తో అవన్నీ నొక్కుకుంటాడు గదా. మేం ఆగినాం."

ఈ పెట్టెలో అన్నీ మన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చన్నా. ఆడ ఎంతసేపు ఆగాలో మాత్రం నాకు తెలీదు. నేనెప్పుడూ నీ కాలినే చూసేదాన్ని.