కార్డు వెనక నా ఫోటో

అమ్మా,

నేను బాగానే ఉన్నాను, స్టూడియో నడుస్తోంది, బెంగ పెట్టుకోకు.

నిన్న ఒక వకీలుగారు భార్యను వెంటబెట్టుకుని వచ్చి, నేను తీసిన ఫోటో బల్ల మీద పడేశారు. "ఇది నేను కాదమ్మా, మళ్లీ తియ్యి" అన్నారు. ఆయన ఇలా అనడం ఇది నాలుగోసారి, నాకు ఒళ్లు మండింది. ఎవరైనా తమ మొహాన్ని అద్దంలోనే చూసుకుంటారు, అందులో కుడి ఎడమవుతుంది. అందుకని అదే ఫోటోను అద్దంలోలాగా తిప్పి అచ్చు వేసి ఇచ్చాను. "ఆఁ, ఇదీ నేనంటే" అని మురిసిపోయారు. భార్య తొంగిచూసి, "ఇదెవరండీ? మీ పాపిడి అటు కాదుగా. ఇన్నేళ్లూ నేను చూస్తున్నది ఆ బల్ల మీది ఫోటోలో మనిషిని" అన్నారు. ఆయన బల్ల మీదిదే పట్టుకెళ్లారు.

నా నీలం స్వెట్టరు పంపు, ఇక్కడ చలి ఎక్కువైంది. నాన్న కొత్త కళ్లజోడు పెట్టుకుంటున్నారా, జేబులోనే దాస్తున్నారా? అక్కయ్య పిల్లలకు ముద్దులు.

ఇక నీ ఉత్తరం సంగతి. హాల్లో అన్నయ్య, అక్కయ్య ఫోటోల పక్కన పెడతాను, బుగ్గ మీద కాలిన మచ్చ చెరిపేసి నీ ఫోటో పంపు అన్నావు. చెరపను. చిన్నప్పుడు నెలల తరబడి నువ్వు మందు రాసిన మచ్చ అది. అది లేకపోతే ఇదెవరని నువ్వే అడుగుతావు.

నా ఫోటో ఈ కార్డు వెనకే అచ్చు వేశాను, మచ్చ మీద వెలుగు పడేలా కూర్చుని. కవరులో పెట్టలేదు. నీ చేతికి వచ్చేసరికి పోస్టుమాన్‌తో సహా దారిపొడుగునా అందరూ చూసే ఉంటారు. ఇంక దాచేందుకేం లేదు గనక హాల్లో మేకు కొట్టించు.

నీ మొండిఘటం