వెల్లకిలా దొరికిన నున్నవీపు

ప్రియమైన పిన్నీ,

ఈ ఉత్తరం బస్సు డిపోలో పెట్టాకే చదువు. స్టీరింగు మీద పెట్టుకుని చదివితే నీ ప్రయాణికులు నన్ను తిడతారు. నా కాళ్ళు నేల మీద నిలవడం లేదు. మా జంతువుకి పేరు పెట్టేశారు.

అదే, మ్యూజియం వెనక షెడ్డులో నేను పొద్దస్తమానం గీకుతున్న రాతిముద్ద. విరిగిన చేతికి వేసినట్టు దానికి ప్లాస్టరు కట్టు వేసి లారీలో తెచ్చారని చెప్పానుగా. గాలి ఒత్తిడితో కొట్టుకునే సన్న సూదితో రాయిని రాల్చి ఎముకని మిగల్చడం నా ఉద్యోగం. నాన్న దృష్టిలో అది ఉద్యోగం కాదు, జీతమిచ్చి ఆడిస్తున్న ఆట.

ఇది డైనోసారే, కానీ పరమ సాధువు. పళ్ళు చిన్న చిన్న ఆకుల్లా ఉన్నాయి, మొక్కలు తప్ప ఏదీ ముట్టి ఉండదు. దీని చుట్టాలన్నిటికీ వీపు నిండా ఎముక పలకలుంటాయి, ఒళ్ళంతా కవచమే. దీనికి మాత్రం ఒక్క పలకా లేదు. కవచపు వంశంలో కవచం లేకుండా పుట్టిన బిడ్డ అన్నమాట. మా మీసాలాయన, అంటే మా పరిశోధకుల పెద్ద, సంతోషం పట్టలేక గ్రీకు మాటలు రెండు కలిపి పేరు అల్లారు. అది నాకు నోరు తిరగదు. అర్థం మాత్రం 'నున్నవీపు'. వ్యాసం అచ్చుకి కూడా వెళ్ళిపోయింది.

ఒక్కటే మనసులో నలుగుతోంది. నిన్న ముద్ద అడుగు అంచున గీకుతుంటే సూది దేనికో తగిలి ఠంగుమంది. రాయి అలా మోగదు. మీసాలాయనకి చెబితే, "సూది అరిగిపోయుంటుందమ్మా, కొత్తది పెట్టుకో" అన్నారు. కొత్తది పెట్టినా మోగింది.

నిన్ను ఇంకొకటి కూడా అడగాలి. ఎన్నాళ్ళ నుంచో అడగాలని. ఇప్పుడు కూడా నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

నీ రాళ్ళపిల్ల

*

పిన్నీ,

కూర్చుని చదువు. ముద్దని తిరగేశాం.

నేను పోరు పెట్టి పెట్టి మీసాలాయన్ని ఒప్పించాను. "సరే, ఈ పిల్ల జోరీగలా వదిలేలా లేదు, తిప్పండి" అన్నారు. గొలుసులు కట్టి, బెల్టులు చుట్టి, షెడ్డులో అందరం ఊపిరి బిగబట్టి తిప్పాం. అడుగు కట్టు కోసి, మట్టి దులిపాను. పెంకుటింటి కప్పు చూసినట్టుంది పిన్నీ. వరసలు వరసలుగా ఎముక పలకలు, ఒకదాని పక్కన ఒకటి, మెడ నుంచి తోక దాకా. భుజాల దగ్గర నా మోచేయంత ముళ్ళు. ఫొటోలు తీసే ఆవిడైతే కెమెరా మెడలోనే ఉంచుకుని కెమెరా ఏదని వెతికింది.

పొరపాటు ఎక్కడో చెప్పనా. తవ్వినవాళ్ళు కట్టు మీద ఎర్ర బాణం గీస్తారు, ఆకాశం వైపున్నది ఇది అని గుర్తుకి. ఆ బాణాన్ని చూసి మేమంతా అదే వీపనుకున్నాం. ఈ జాతి జంతువులు చచ్చి నీళ్ళలో పడితే పొట్ట ఉబ్బి తేలతాయి, వీపు బరువుకి వెల్లకిలా తిరిగిపోతాయి. ఆ సంగతి మీసాలాయనే మాకు పాఠం చెప్పారు. కొత్త వింత దొరికిందన్న సంబరంలో ఆయనే మర్చిపోయారు. ఇన్నాళ్ళూ నేను దాని పొట్ట గోకుతున్నాను.

మీసాలాయన నేల మీద చతికిలబడి, కళ్ళ వెంట నీళ్ళొచ్చేలా నవ్వారు. "నున్నవీపు అన్నానే. దీని వీపు మీద జానెడు నున్నటి చోటు లేదే."

"పేరు మార్చేయండి సార్" అన్నాను.

"కుదరదమ్మా. వ్యాసం అచ్చయిపోయింది. తప్పయినా సరే, మొదట పెట్టిన పేరే ఉండాలి. అది మా వాళ్ళందరి కట్టుబాటు."

నాకు ఒళ్ళు మండింది. అంత కవచం మోసిన జీవిని ఎప్పటికీ నున్నవీపు అని పిలవడమేమిటి. ఎవరో తొందరపడి ఒక వైపే చూసి అన్న మాటకి అది కట్టుబడి ఉండాలా.

అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. అడగలేకపోయింది ఇదే. నువ్వు మా ఇంటికి వచ్చిన రోజు నానమ్మ నన్ను ముందుకు తోసి, "అమ్మ కాదు, పిన్ని అను" అంది. ఒక వైపే చూసి పెట్టిన పేరు. నాకు జడలు వేసింది నువ్వు, రాళ్ళ చదువు చదువుతానంటే నాన్నతో పోట్లాడింది నువ్వు. పిన్నీ అని పిలిచిన ప్రతిసారీ నీకు తక్కువ చేస్తున్నట్టు నాలో గుచ్చుకుంటుంది. మా కట్టుబాటు డైనోసార్లకే కదా, మనుషులకి కాదు. ఇకనుంచి అమ్మా అని పిలుస్తాను. ఒప్పుకుంటావా?

నీ రాళ్ళపిల్ల

*

మా రాళ్ళపిల్లకి,

ఒప్పుకోను.

చదివి ఏడ్చాను, అది దాచను. మీ నాన్న కంగారుపడి మంచినీళ్ళు తెచ్చి, ఉత్తరం లాక్కుని చదివి, తనూ ఆ నీళ్ళే తాగాడు.

నా రూటులో మిల్లు స్టాపు ఉంది కదా. ఆ మిల్లు పడగొట్టి ఎన్నాళ్ళయిందో, అక్కడిప్పుడు ఆస్పత్రి. అయినా జనం మిల్లు దగ్గర ఆపమంటారు, దిగి సరిగ్గా ఆస్పత్రికే పోతారు. కాబట్టి నీ నున్నవీపు గురించి బెంగపడకు.

ఇక నా పేరు. అది మీ నానమ్మ పెట్టింది కాదే పిచ్చిమొహమా. ఆవిడ చెప్పింది, నువ్వు పలకలేదు. చాలా కాలం నన్ను ఏమనీ పిలవలేదు నువ్వు. అన్నం కావాలంటే గిన్నె చప్పుడు చేసేదానివి. చుట్టాలకి నేను 'ఆవిడ', ఇరుగుపొరుగుకి 'రెండో ఆమె'. అప్పుడొక రోజు బడి వదిలాక నీ తరగతి పిల్లలందరినీ నా బస్సెక్కించావు. సీటు మీద నిలబడి బస్సంతా వినపడేలా అరిచావు, "ఈ బస్సు మా పిన్ని నడుపుతుంది" అని. నాకు గేరు తప్పింది. వెనక కారువాడు హారన్ కొట్టి తిట్టాడు. ఆ తిట్లు కూడా తియ్యగా ఉన్నాయి.

ఆ రోజు నుంచి బస్సంతా నన్ను అలాగే పిలుస్తోంది. గడ్డం నెరిసిన పెద్దమనుషులు కూడా "పిన్నీ, మిల్లు దగ్గర కాస్త ఆపు" అంటారు. వాళ్ళలో ఒక్కరికీ నేను పిన్నిని కాను. నువ్వు పెట్టావు, నిలిచిపోయింది. అమ్మ అన్న పేరు నిన్ను కన్నావిడది, ఆమెకే ఉండనీ. నా పేరు నువ్వు రెండు వైపులా చూశాకే పెట్టావు. ఇప్పుడు మారుస్తానంటే ఊరుకోను, మీ కట్టుబాటు చూపించి మీ మీసాలాయనకే ఫిర్యాదు చేస్తాను.

ఆదివారం సెలవు పెట్టి మీ నాన్నతో వస్తున్నాను. నాకు దాని వీపు చూపించు. అలాగే షెడ్డులో అందరికీ నన్ను పరిచయం చేయాలి, ఆ రోజు బస్సులో అరిచినట్టే అరిచి.

నువ్వు పేరు పెట్టిన,
పిన్ని