మధ్యలో కనబడ్డ మరక

శ్రీవారికి,

మీ ఆవిడ నమస్కరించి రాసుకునేది. ఇక్కడ అందరం క్షేమం. అందరం అంటే ఎవరు, నేనూ ఈ నాలుగు గోడలూనూ. మీరూ, ఓడలో మీ తోటివాళ్లూ కులాసా అని తలుస్తాను.

మూడు నెలలకు మీ జవాబు అందింది. మీరు అడిగినవన్నీ వరసగా చెబుతాను. వంటింటి కుళాయి బాగుచేయించాను. లాండ్రీలో దుప్పట్ల మూటలు ఎత్తడం లేదు, అక్కడ ఇస్త్రీ చేసే పెద్దామె, అందరం అత్తా అంటామే, ఆమె అడ్డం పడుతోంది. మరకలు చూసి వేరుచేసే పనే నాది. టీ మరకా, తుప్పా, నెత్తురా అని ఆమడ దూరం నుంచే చెబుతానని ‘మరకల డాక్టరమ్మ’ అని పేరు కూడా పెట్టారు. వాంతులు లేవు. పాపో బాబో ఎవరైనా సరేనని, ఓడంతా మిఠాయి పంచానని రాశారు. ఆ ముక్క దగ్గరే నాలుగు రోజులు ఆగిపోయాను.

ఏమండీ, నాకు కడుపు లేదు.

మూడు నెలల కిందట, నెలసరికి ఇంకా వారం ఉందనగా లేత గోధుమరంగు మరక కనబడింది. నెలసరి మరక అలా ఉండదని నా చూపు మీద నాకు గొప్ప నమ్మకం. కడుపు నిలిచినా అలా కనబడుతుందని అత్త అంది. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు ఆ రోజే మీకు ఉత్తరం వేశాను. వారం తిరక్కుండా నెలసరి వచ్చింది. మళ్లీ రాయడానికి చేయి రాలేదు.

ఆ మరక మాత్రం నెలసరికీ నెలసరికీ మధ్యలో వస్తూనే ఉంది. కనబడగానే చన్నీళ్లలో వేసి వదిలించేదాన్ని. ఆఖరికి ఆసుపత్రికి వెళ్లాను. ఏయే తారీకుల్లో అని అక్కడి అసలైన డాక్టరమ్మ అడిగితే లెక్క పెట్టలేదన్నాను. వదిలించడం తెలుసు గానీ, రాసిపెట్టుకోవాలని తోచలేదు. ఆవిడ తిట్టలేదు. అండం విడుదలయ్యేటప్పుడో, కడుపు రాకుండా వేసుకునే మాత్రలు మార్చినప్పుడో కాస్త కనబడడం చాలామందికి ఉంటుందట. మళ్లీ మళ్లీ వస్తే మాత్రం చూపించుకోవాలట. నాకు గర్భసంచి ముఖద్వారం దగ్గర చిన్న కండ పెరిగిందట.

“చాలావరకు ఇవి మామూలువేనమ్మా. కానీ తీసి పరీక్షకు పంపేదాకా నేను మాట ఇవ్వలేను” అంది.

నాకు భయంగా ఉంది. మీరు పంచిన మిఠాయి తలుచుకుంటే సిగ్గుగానూ ఉంది.

గురువారం పొద్దున తీస్తారు. వెంట ఒకరుండాలట. అత్తను పిలుద్దామంటే, ఇన్నాళ్లూ ఆమె ముందు కూడా కడుపుతో ఉన్నట్టే నడుస్తున్నాను. ఆసుపత్రి కాగితంలో వెంట వచ్చేవారు అన్నచోట మీ పేరు రాసేశాను. నర్సు అది చదివి, ఈయన బయట కూర్చున్నారా అని అడిగింది.

దారిలో ఉన్నారని చెప్పాను.

ఇట్లు,
మీ ఇల్లాలు