నలభై ఫోన్లలో ఒక పేరు

కారేపల్లి,
బుధవారం.

చెల్లి రూప్లికి,

మీ శోభక్క రాస్తున్నది. చింపేయకు, చివరిదాకా చదువు. ఫోన్ చేద్దామంటే దాన్ని ముట్టుకోబుద్ధి కావడం లేదు. అందుకే కాగితం.

నువ్వు తల్లాడలో మీ అమ్మ దగ్గరికి వెళ్లిపోయి వారమైంది. నీకు హెచ్ఐవి ఉందని మీ ఆయన లాలుకు ఎవరు చెప్పారో తెలియక అందరినీ అనుమానిస్తూ ఉంటావు. నర్సమ్మనా, ఖమ్మం దవాఖానా వాళ్లనా అని. ఎవరూ కాదు చెల్లీ, నేను. నోటితో చెప్పలేదు, కానీ నేనే.

కడుపుతో ఉన్నప్పుడు చేసిన పరీక్షలో బయటపడిన నాడు నా రెండు చేతులూ పట్టుకుని, "మా ఇంటాయనకు చెప్పకక్కా, నన్నే అంటరు" అన్నావు. రెండేళ్లు కడుపులో దాచుకున్నాను. నా మొగుడికి కూడా చెప్పలేదు. ఫోన్‌కు మాత్రం చెప్పాను. ఆశా డ్యూటీలో ముప్ఫై మంది వివరాలు నెలనెలా నర్సమ్మకు టైపు చేసి పంపాలి కదా. ఫోన్‌లో వాక్యాలు దాచుకునే వీలుంది. పేరు కొడితే చాలు, దాచిన వాక్యమంతా వచ్చి పడుతుంది. అది నేర్చుకుని ఎంత మురిసిపోయానో! నీ పేరుకు ఇది పెట్టాను: "రూప్లి. హెచ్ఐవి మందులు. రెండో మంగళవారం, ఖమ్మం. ఇంట్లో తెలియదు."

నా ఫోన్, లాలు ఈమధ్య తీసుకున్న ఫోన్ రెండూ ఆదినారాయణ దుకాణంలో కొన్నవే. మెయిల్ ఐడి లేని వాళ్లందరికీ అతను ఒకటే ఐడి వేసి ఇస్తాడట. నేను దాచింది ఆన్‌లైన్‌లోకి వెళ్లి, ఆ ఐడి ఉన్న ప్రతి ఫోన్‌లోకీ దిగుతుందట. మన ఊరి దవాఖానాలో కంప్యూటర్ ఆపరేటర్ ఉదయశ్రీ మొన్న ఈ సంగతి చెప్పింది. లాలు లారీ మీద ఉండి నీకేదో మెసేజ్ పెట్టబోయి నీ పేరు కొట్టాడు. అంతే, ఆ వాక్యమంతా అతని కళ్ల ముందు పడింది.

దుకాణానికి పరుగెత్తాను. "ఎంతమందికి వేసినవ్ ఆ ఐడి?" అని అరిచాను.

"ఓ నలభై ఉంటయ్ కావచ్చు. జల్దీ అయితదని వేసిన. ఏమైందక్కా?" అన్నాడు నవ్వుతూ.

నలభై! అప్పటికప్పుడు ఉదయశ్రీని అక్కడికి పిలిపించాను. ఆ పిల్ల నా ఎదుటే ఆ వాక్యం తీసేసింది, పాస్‌వర్డ్ మార్పించింది, నాకు వేరే ఐడి చేసి ఇచ్చింది. "గిసొంటివి రాసుకుంటే పేరు పెట్టకక్కా. అసలు ఆన్‌లైన్‌కే పోనియ్యకు" అని చీవాట్లు పెట్టింది. నలభై మందిలో ఇంకెవరైనా చూశారా అంటే, అది తెలుసుకునే దారి లేదంది.

ఇదైనా తెలియక చేసింది. తెలిసి చేసింది ఇంకొకటి ఉంది. లాలు ఆ ఫోన్ పట్టుకుని ముందు నా దగ్గరికే వచ్చాడు. "ఇదేందక్కా? నా ఫోన్లకు ఎట్లొచ్చింది?" అన్నాడు. చూడగానే నా రాతేనని తెలిసింది. "నాకేం తెల్వదు, రూప్లినే అడుగు" అన్నాను. ఆ తర్వాత తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాను. అతను అడిగితే జవాబు చెప్పలేక నువ్వు బిడ్డను చంకనేసుకుని బస్సెక్కావు. నేను మా ఇంటి కిటికీలోంచి చూశాను తప్ప బయటికి రాలేదు. సిగ్గేస్తోంది రూప్లీ.

నువ్వు సరేనంటే లాలు దగ్గరికి పోయి తప్పు నాదని చెప్పేస్తాను. ఆశా పని కూడా మానేస్తాను. నీ కాపురం నిలబడాలి, నువ్వు ఇంటికి రావాలి.

నీ ముఖం చూడలేని,
శోభారాణి


తల్లాడ,
సోమవారం.

శోభక్కకు,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి చింపేద్దామనే అనుకున్నాను. నా పేరు పక్కన ఆ జబ్బు పేరు ఎట్లా రాయబుద్ధయింది అక్కా? ఏదో ఒక నంబరు పెట్టుకుంటే సరిపోయేది కదా. పైగా "రూప్లినే అడుగు" అన్నావు. ఆ మాట మరచిపోయానని అబద్ధం రాయను.

కానీ లాలుకు నువ్వు చెప్పాల్సిన పని లేదు. శనివారం అతనే వచ్చాడు. కొడతాడేమోనని మా అమ్మ గుమ్మానికి అడ్డం నిలబడింది. అతను గొంతెత్తలేదు. మందులు వేళకు వేసుకుంటున్నావా అన్నాడు. బిడ్డకు పరీక్ష చేయించావా అన్నాడు. బిడ్డకు లేదని చెబితే అరుగు మీద కూర్చుని ఏడ్చాడు. ఎంతసేపున్నా ఒక్క మాట మాత్రం అడగలేదక్కా. నీకెట్లా వచ్చిందని అడగలేదు. ఏ మొగుడైనా మొదట అడిగేది అదే కదా!

"నీకు ముందే ఎరుకనా?" అన్నాను.

సంచి విప్పి ఒక డబ్బా తీశాడు. నేను వేసుకునే మందే.

"నాలుగేండ్లాయె. కొత్తగూడెంల తీసుకుంట. మొదట్ల సక్కగ ఏసుకోలే. ఫోన్ల నీ పేరు చూసినంకనే నా వల్ల నీకంటిందని ఎరుకైంది" అన్నాడు.

నాలుగేళ్లు! మాకు పెళ్లయి మూడేళ్లు. నన్ను చేసుకునేటప్పటికే అతనికి తెలుసు. నేనేమో అతనికి తెలిస్తే ఇల్లు కూలిపోతుందని బియ్యం డబ్బా అడుగున మందులు దాచుకుని బతికాను. ఏ సూదితో వచ్చిందో, నేనేం పాపం చేశానోనని రెండేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను. ఒకే ఇంట్లో, ఒకే మందు, ఇద్దరం దొంగచాటుగా మింగామక్కా. ఇది రాస్తుంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

నువ్వు నా పేరు ఫోన్‌లో పెట్టావు. అతను జబ్బు నా ఒంట్లో పెట్టి చెప్పలేదు. ఏది పెద్దదో తూచే ఓపిక నాకిప్పుడు లేదు.

ఆశా పని మానకు. నువ్వు మానేస్తే కొత్త మనిషి వస్తుంది, ఆమెకు మళ్లీ అంతా మొదటి నుంచి చెప్పుకోవాలి. ఇకమీద నా సంగతి ఎక్కడ రాయాలన్నా నన్నడిగి రాయి.

ఇంటికి రమ్మన్నావు. రావడం లేదు, ఇప్పుడైతే రాను. లాలు రెండు రోజులుగా ఇక్కడే అరుగు మీద ఉన్నాడు. లోపలికి రమ్మని నేను అనలేదు. ఈ పొద్దున మందు వేళకు మాత్రం చెంబుతో నీళ్లు ఇచ్చాను.

రూప్లి