నాన్న జాబితాకు ఒక టిక్కు

అక్కా,

నాన్న చేసిన పుస్తకాల జాబితాకు ద్రోహం చేసినవాడు మన గ్రంథాలయానికి వచ్చిన కొత్త లైబ్రేరియన్. కంప్యూటర్లో పాత ప్రోగ్రాములు నడిపే అదనపు సదుపాయం ఒకటుంది. దాని పక్కన టిక్కు తీసేశాడు. ఇప్పుడు జాబితా తెరుచుకోవడం లేదు. "పనిచేయనిది ఎందుకు? సోమవారం చెరిపేస్తా" అంటున్నాడు.

గుర్తుందా? నేను గ్రంథాలయం బీరువా దగ్గర నిలబడి పుస్తకాల పేర్లు అరిచేవాణ్ణి, నాన్న టైపు చేసేవాడు, ఎంటర్ నొక్కే హక్కు మాత్రం నీది. నేను నొక్కితే నెత్తిన మొట్టేదానివి. ప్రతి పేరు కింద నాన్న ఒక మాట రాసేవాడు. కరపత్రాల కట్ట కింద, "మావాడికి ఇవ్వొద్దు, ఇప్పటికే కోపం ఎక్కువ" అని ఉంటుంది.

నిన్న వెళ్లి లైబ్రేరియన్ మీద విరుచుకుపడ్డాను. ఆయన సొరుగులోంచి పోయిన నెల అర్జీ తీసి చూపించాడు. "కంప్యూటర్ది నత్తనడక! అక్కర్లేనివన్నీ తక్షణం తొలగించాలి!" కింద సంతకం నాదే అక్కా.

"పదిమంది పాఠకులు వచ్చి అడిగితే మళ్లీ టిక్కు పెడతానయ్యా" అన్నాడు చివరికి. నాతో కలిపి తొమ్మిదిమందిమయ్యాం. ఆదివారం ఉదయం సరిగ్గా పదింటికి గ్రంథాలయం మెట్ల దగ్గరికి రా. టిక్కు ఆయన పెడతాడు, ఎంటర్ నువ్వే నొక్కాలి.

నీ తమ్ముడు