పీపాలోంచి మీరు పట్టిన సీసా

బర్ దుబాయ్,
2006 నవంబరు

ఏమండీ,

బాగున్నారా అని అడగలేను. మీరు వెళ్ళిపోయి ఎనిమిది నెలలైంది. నేనూ పాపా బాగానే ఉన్నాం... అనుకుంటాను.

రేపు ఇల్లు మారుతున్నాం. షార్జాలో, రోలా దగ్గర చిన్న ఫ్లాటు. నేను పాఠాలు చెప్పే బడికి నడిచి వెళ్ళొచ్చు. అన్నీ సర్దేశాను, ఒక్కటి తప్ప. కంపెనీ మిమ్మల్ని స్కాట్లండ్ పంపినప్పుడు, అక్కడి డిస్టిలరీలో మీ చేత్తో పీపాలోంచి పట్టి, మూత బిగించి తెచ్చిన విస్కీ సీసా.

మీరు తాగింది తక్కువ, చెప్పింది ఎక్కువ. మందు గోడౌన్ చూసుకునే మనిషికి అంత చరిత్ర ఎందుకో! ఆ డిస్టిలరీ మూలపురుషుడు ఒక రైతట. కొండల్లో దొంగచాటుగా సారా కాచేవాడట. అతని కొడుకు లైసెన్సు తీసుకుంటే, దొంగచాటుగా కాచే తక్కినవాళ్ళంతా పగబట్టారట. నిజమేనా? సందర్శకులకు చెప్పే కథా?

బార్లీ సంగతి వచ్చిందంటే నన్ను ఆటపట్టించాల్సిందే. "నువ్వు రాగులు నానేసి, మొలకలొచ్చినాక ఎండబెట్టి మాల్టు చెయ్యవా? వాళ్ళూ అంతేనే. నీ మాల్టు తాగి పిల్ల బడికి పోతాది, వాళ్ళది తాగితే అయ్యోరే బడి ఎగ్గొడతాడు!"

ఆ మొలకల్ని పీట్ అనే నల్లమట్టి పొగలో ఆరబెట్టడం, పులిసిన రసాన్ని రాగి బానల్లో రెండుసార్లు కాచడం, ఓక్ పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచడం... సగం మరిచిపోయాను. ఒకటి మాత్రం గుర్తుంది. "పీపాలో ఉన్నన్నాళ్ళే దానికి వయసు. గాజులోకి దిగిందా, ఖలాస్! పన్నెండేళ్ళదంటే ఎప్పటికీ పన్నెండేళ్ళదే."

మీకూ ఇక నలభై తొమ్మిదే. ఇంకొన్నేళ్ళకి నేను మీకంటే పెద్దదాన్నవుతాను. అదేం లెక్కో...

ఇక్కడ ఇంట్లో మందు ఉంచుకోవాలంటే కావలసిన లైసెన్సు మీ పేరునే ఉండేది. మీతోనే పోయింది. షార్జాలోనైతే సీసా ఇంట్లో ఉండటమే నేరం. మన కడప ఖాదర్ భాయ్ తన పికప్‌లో సామాను దింపుతానన్నాడు. ఆయన మందు ముట్టడు. చెప్పకుండా చీరల మధ్య పెట్టేస్తే? ఆ ఆలోచనా వచ్చింది. దారిలో పోలీసులు ఆపితే పోయేది ఆయన వీసా, ఆయన పరువు. మీ స్నేహితులకైనా ఇవ్వచ్చు. ఎందుకో ఇవ్వబుద్ధి కాలేదు.

ఈ సాయంత్రం సింకులో పోసేశాను. ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను. మొదట పొగ, తర్వాత తేనె అనేవారు మీరు. నాకు మంటే తెలిసింది. తప్పు చేశానా? తెలియదు.

రేపు పొద్దున్నే ఖాదర్ భాయ్ వస్తాడు. పెట్టెల్లో ఏముందని అడగడు. అడిగినా ఆయన కళ్ళలోకి చూసి చెప్పగలను. వాసన పోవాలని వంటింటి కిటికీ తెరిచాను. ఇంకా మూయబుద్ధి కావడం లేదు.

ఉంటాను మరి.

మీ సుభద్ర