కుంట గోడలో నా పన్నెండు అడుగులు

యాభై రెండేళ్ల జీవశాస్త్రం టీచరునైన నేను, బుద్ధి నా దగ్గరే ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో రాస్తున్న వీలునామా ఇది. ఎల్లుండి నాకు ఆపరేషన్. నాకు మతి చలించిందని అన్నయ్య అంటాడు కనుక డాక్టరు కాగితం జతచేశాను. అమలుచేసే బాధ్యత చెల్లెలిది. మేనకోడలు పురిటికి వస్తోంది; మన ఉమ్మడి బావినీళ్లు ఆ పసిగుడ్డు నోట్లో పడకూడదు. తొందరంతా అందుకే.

1. ఏటా వానలు మొదలైన మూడోవారం, ఇంటి వెనక కుంటలో, అదే రేవులో, అదే చెక్క చట్రం నీళ్లలో పెట్టి, తొమ్మిదో తరగతి పిల్లలతో ప్రాణుల్ని లెక్కపెట్టించిన పంతొమ్మిది నోటుపుస్తకాలు చెల్లెలికి. మొదటిదాంట్లో ముప్పై ఒక్క రకాలు. నిరుడు రెండే: దోమపిల్లలు, కుళ్లునీళ్ల ఎర్రపురుగులు.

2. నా రబ్బరు బూట్లు ల్యాబ్ అటెండరుకు. ఇన్నేళ్లూ నా వెంట వట్టికాళ్లతో బురదలో దిగాడు. పట్టకపోతే వాళ్లావిడకు.

3. అన్నయ్యకు ఏమీ లేదు. కుంటకు అందం తెచ్చిన కాంట్రాక్టరు ఆయనే: చుట్టూ నిలువునా సిమెంటు గోడ, పైన రంగుదీపాలు. గడ్డి పోయింది, తూనీగలు పోయాయి. కప్పపిల్లలు ఒడ్డెక్కలేక మునిగి చచ్చాయి. తినేవి లేక దోమలు చెలరేగాయి. దోమలకని వారంవారం మందు కొడుతున్నారు. ఆ మందు కుంటలోకి, ఆ ఊట బావిలోకి. కప్పల కోసం ఏడ్చే ఆడదాన్ని నిన్నొక్కదాన్నే చూశానని, అన్నయ్యా, మేనకోడలి పెళ్లిలో నలుగురి ముందూ నవ్వావు. ఇది రాజకీయం కాదు, బడిపాఠం. బడిలో నీ సైన్సు రికార్డులో కప్పబొమ్మ గీసిందీ నేనే.

4. గోడ కావాలన్న అర్జీ మీద మొదటి సంతకం నాది. లెక్కపెడుతూ ఒక పిల్ల జారిపడితే హడలిపోయాను. మెట్లు అడగాల్సినదాన్ని గోడ అడిగాను. ఈ తప్పు ఎవరికీ రాసివ్వలేను.

5. కుంట ఒడ్డున నా వాటా స్థలం చెల్లెలికి, షరతుతో: ఆ మేర పన్నెండు అడుగుల గోడ వానల్లోపు పగలగొట్టించి, మట్టి ఏటవాలుగా పోయించాలి. అన్నయ్య అడ్డొస్తే అరవకు చెల్లీ. అరవడం నా వంతు, అయిపోయింది.

6. నా గాజులు వదినకు. దోమపిల్లల్ని తింటాయని బావిలో వదిలిన చేపలు నిన్న పొద్దున వెల్లకిలా తేలాయి. అన్నయ్య వాటిని గంపలో తీసి పాతిపెట్టాడు, ఎవరికీ చెప్పలేదు. నేను కిటికీలోంచి చూశాను. వదినా, గాజులు అమ్మి కుళాయి వేయించు. బావికి మూతపెట్టి తాళం వెయ్యి. ఆయన్ని అడగకు.

తేదీ: మే 29, 2019

(సంతకం) జీవశాస్త్రం టీచరు

సాక్షులు:
1. ల్యాబ్ అటెండరు భార్య
2. బడి గేటు కాపలామనిషి